స్థాయికి తగిన బోధన

ప్రాథమిక పాఠశాలలో కొన్ని యేండ్లు గడపియు చదువ నేర్వని బాలబాలికలను, వారి వయస్సును గాని తరగతిని గాని గణింపక, వారికి వచ్చినంత చదువునే ఆరంభముగా గ్రహించి, అచ్చటినుండి ధారాళమైన పఠనమువరకు నడపించు విద్యాపద్ధతికి 'స్థాయికి తగిన బోధన' యని పేరు. 1995లో ముంబాయి నగరమున స్థాపితమైన ప్రథమ్ సంస్థ దీనిని రూపొందించి దేశమున వ్యాప్తికి తెచ్చినది.

ఆవశ్యకత: పాఠ్యపుస్తకము తరగతితోబాటు ముందునకు సాగును, గుణింతము పట్టుబడని శిశువు వెనుకనే నిలిచిపోవును. అట్టి తెలుగు బాలుడు 'క'ను గుర్తించియు 'కి', 'కీ'ల భేదమునొద్ద తడబడును. 'అక్క' యను మాటలోని ఒత్తును విడిచి 'అక' యని చదువును. తెలివికి లోటులేని యిట్టి పిల్లలను మొద్దులని తలచుట వారికి చేయు మహాపచారము.

స్థాయినిర్ణయము: ఉపాధ్యాయుడు ఒక్కొక్క శిశువును చెంత కూర్చుండబెట్టుకొని, మొదట చిన్న పేరా నొకదానిని చదివించును. అది తడబాటులేక చదివినచో కథను, చదువలేనిచో విడిమాటలను, అవియు రానిచో అక్షరములను చూపి, శిశువు నిలిచియున్న మెట్టును తెలిసికొనును. 2005లో ఆరంభమైన అసర్ సర్వేయందు గ్రామీణ బాలల పఠనశక్తిని పరీక్షించుటకును ఈ విధానమే వాడుకలో నున్నది.

బోధనాక్రమము: సాధారణముగా మూడు మొదలు ఐదు తరగతుల పిల్లలను మెట్లనుబట్టి జట్లుగా కూర్చి, గుణింతముల పట్టికను పైకి చదివించుట, కథను వ్రేలుపెట్టి చదివించి దానిని గురించి మాటలాడించుట, మాటల ఆటలాడించుట, తోచినది వ్రాయించుట మున్నగు పనులను ప్రతిదినము జరుపుదురు. కొంతకాలమునకు మరల పరీక్షించి, ముందడుగు వేసినవారిని పై జట్టునకు మార్చుదురు.

ఫలితములు: ముంబాయి, వడోదర నగరములలో స్థానిక యువతులు 'బాలసఖు'లై వెనుకబడిన పిల్లలకు చదువు చెప్పగా వారి మార్కులు మెరుగుపడినవని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలగు ఆర్థికవేత్తలు 2007లో ప్రకటించిరి. పిదప బీహారులో బడి ఉపాధ్యాయులకు శిక్షణయు సామగ్రియు మాత్రమే యిచ్చినపుడు ఫలము కానరాలేదు. హర్యానాలో దినమున కొక గంటను ఈ పనికే కేటాయించి, పిల్లలను జట్లుగా విభజించి, పర్యవేక్షణ నేర్పాటు చేయగా భాషాపఠనము వృద్ధిపొందినది.

ప్రతి శిశువును ప్రాథమిక దశలోనే చదువ నేర్పవలెనను సంకల్పముతో కేంద్రప్రభుత్వము 2021లో నిపుణ్ భారత్‌ను, తెలంగాణ ప్రభుత్వము 2022లో తొలిమెట్టును ఆరంభించినవి. ఇట్టి ఉద్యమములు ఫలింపవలెనన్నచో, సిలబస్ పూర్తిచేయు తొందరలో హర్యానాలోవలె దినమున కొకటిగా కేటాయించిన పఠనపు గంటకు భంగము రానీయకుండుట ప్రథమ కర్తవ్యము.