ఆకలి పట్టిచ్చిన జన్యువు

ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఈస్ట్ సొంతంగా తయారు చేసుకుంటుంది. అందుకు అవసరమైన ఎంజైముల్లో ఒకదానికి మూలం ల్యూ2 జన్యువు.

1970ల మధ్యకు డీఎన్‌ఏను ముక్కలు చేసి బాక్టీరియాలో పెంచడం తెలిసింది. వేలాది ముక్కల్లో కావలసిన జన్యువు ఎక్కడుందో పట్టుకోవడమే కష్టం. శాంతా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బారీ రాట్జ్‌కిన్, జాన్ కార్బన్ ఆ వెతుకులాటను ఆకలికి అప్పగించారు. ల్యూసిన్ చేసుకోలేని ఈ.కొలై బాక్టీరియాలోకి ఈస్ట్ డీఎన్‌ఏ ముక్కలు అతికించిన ప్లాస్మిడ్లను (చిన్న డీఎన్‌ఏ వలయాలను) పంపి, ల్యూసిన్ లేని ఆహారం మీద పెంచారు. దాదాపు అన్నీ పెరగకుండా ఆగిపోయాయి. పెరిగినవాటిలో ల్యూ2 దొరికింది. 1977లో ఈ ఫలితం అచ్చయింది. అంతకు ఏడాది ముందే స్టాన్‌ఫర్డ్‌లో కెవిన్ స్ట్రూల్, రొనాల్డ్ డేవిస్ బృందం హిస్3 అనే హిస్టిడిన్ జన్యువును ఇలాగే పట్టింది.

ఇందులో అదృష్టం పాలూ ఉంది. మనిషి జన్యువుల్లో చాలావాటి మధ్యమధ్య ఇంట్రాన్లు అనే, ప్రోటీన్ సంకేతం లేని ముక్కలు అడ్డుపడతాయి. వాటిని తొలగించే ఏర్పాటు బాక్టీరియాకు లేదు. ల్యూ2లో ఇంట్రాన్లే లేవు.

అసలు మలుపు 1978లో వచ్చింది. కార్నెల్‌లో ఆల్బర్ట్ హిన్నెన్, జేమ్స్ హిక్స్, జెరాల్డ్ ఫింక్ ఈ జన్యువును తిరిగి ఈస్ట్‌లోకే పంపారు. అందుకు ఎంచుకున్న ఈస్ట్‌లో ల్యూ2 రెండుచోట్ల చెడి ఉంది. ఆ రెండూ వాటంతటవే బాగుపడే అవకాశం లేనట్టే. కాబట్టి ల్యూసిన్ లేకుండా పెరిగిన కణంలోకి బయటి జన్యువు చేరిందని ధైర్యంగా చెప్పగలిగారు. నా దృష్టిలో ఆ ప్రయోగానికి ప్రాణం ఈ ఎంపికే.

జన్యువులోని డీఎన్‌ఏ అక్షరాలు చదవడం ఆ తర్వాతి పని. పాల్ షిమ్మెల్, గుంటర్ కోల్‌హా బృందాలు 1982లో ల్యూ2 వరుస క్రమాన్ని ప్రకటించాయి. జన్యువుకు ముందున్న భాగంలో ల్యూసిన్ సంకేతాలు కనిపించడంతో, బాక్టీరియాలో లాగే ల్యూసినే దీన్ని అదుపు చేస్తుందేమో అన్న ఆలోచన పుట్టింది. ల్యూ2ను నడిపేది ల్యూ3 అనే ప్రోటీన్ అని తర్వాత తేలింది.

ల్యూ2 ఉన్న మూడో క్రోమోజోమ్ మొత్తాన్ని 1992లో చదివారు. నిజకేంద్రక జీవుల్లో పూర్తిగా చదివిన మొదటి క్రోమోజోమ్ అదే. జన్యుశాస్త్రం బోధించే అధ్యాపకులకు ఒక మనవి: ల్యూసిన్ లేని పళ్లాన్ని విద్యార్థుల చేతికిచ్చేటప్పుడు రాట్జ్‌కిన్, కార్బన్‌ల ప్రయోగం గురించి కూడా చెప్పండి.