అరికాలి నల్ల మచ్చను తేలిగ్గా తీసుకోవద్దు: చర్మ క్యాన్సర్‌కు పరీక్షలు, చికిత్సలు

సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలంలో చాలా ఇళ్లకు వ్యవసాయమే ఆధారం. పొలానికి పోయేవాళ్ల కాళ్లకు ముల్లు గుచ్చుకోవడం, ఆనెలు కావడం మామూలే. అందుకే అరికాలిలో నల్లగా ఏదైనా కనిపిస్తే ‘ముల్లు దిగిందేమోలే’ అని వదిలేస్తాం. ఆలస్యం అక్కడే మొదలవుతుంది.

చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ల జబ్బు అనే మాట సగమే నిజం. మన చర్మంలోని మెలనిన్ ఎండ నుంచి కొంత కాపాడుతుంది కాబట్టి మన దేశంలో ఇది తక్కువే. కానీ అన్నిటికన్నా ప్రమాదకరమైన రకాల్లో ఒకటైన మెలనోమా, మనలాంటి రంగువాళ్లకు ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. గాయకుడు బాబ్ మార్లేకి కాలి వేలి గోరు కింద వచ్చింది ఇదే. ఆయన 1981లో 36 ఏళ్లకే చనిపోయారు.

స్క్వేమస్ సెల్ అనే మరో రకం పాత కాలిన మచ్చల మీద, ఏళ్ల తరబడి మానని పుండ్ల మీద కూడా వస్తుంది. కశ్మీర్‌లో చలికి బట్టల లోపల నిప్పుల కాంగ్డీ పెట్టుకునేవాళ్లకు పొట్ట మీద, తొడల మీద వచ్చేది ఈ రకమే. బేసల్ సెల్ రకం ఎక్కువగా ముఖం మీద వస్తుంది, మెల్లగా పెరుగుతుంది.

ఎప్పుడు అనుమానించాలి?

మచ్చ పెరుగుతున్నా, అంచులు వంకరగా ఉన్నా, రంగు మారుతున్నా, రక్తం కారుతున్నా చూపించుకోవాలి. గోటి మీది నల్ల గీత వెడల్పవుతున్నా అంతే. నెల దాటినా మానని పుండును ‘షుగర్ పుండే’ అని మీరే తేల్చేయొద్దు. బ్లేడుతో కోయడం, యాసిడ్ పెట్టడం అసలే వద్దు.

పరీక్షలు, చికిత్స

చర్మ డాక్టర్ ముందుగా డెర్మోస్కోప్‌తో మచ్చను పెద్దదిగా చేసి చూస్తారు. అనుమానం ఉంటే బయాప్సీ తప్పదు. ‘ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది’ అనేది ఉత్త అపోహ. మెలనోమా ఎంత లోతుకు దిగిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. పలుచగా ఉండగానే దొరికితే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది.

పాకిన మెలనోమాకు ఒకప్పుడు పెద్దగా మందులు ఉండేవి కావు. 2011లో అమెరికా అనుమతించిన ఇపిలిముమాబ్‌తో, 2014లో వచ్చిన పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్‌తో పరిస్థితి మారింది. ఇవి మన ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపుతాయి. దీనికి బాట వేసిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఈ మందులు చాలా ఖరీదు, అందరికీ పనిచేయవు కూడా. ముందే గుర్తించడమే మేలు.

ఎక్కడికి వెళ్లాలి?

మొదట గజ్వేల్ లేదా సిద్దిపేట ప్రభుత్వ దవాఖానాలో చూపించండి. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద ఉన్నది ఇదే. ఆరోగ్యశ్రీలో ఏ చికిత్సలు వస్తాయో ఆరోగ్యమిత్రను అడగండి. ఆడవాళ్లు మొహమాటపడి దాచుకోవద్దు, లేడీ డాక్టర్ కావాలని అడగవచ్చు.

వజూలో రోజూ కాళ్లు కడుగుతాం, వేళ్ల సందులూ రుద్దుతాం. వారానికి ఒకసారి అరికాలు తిప్పి చూసుకోండి. ఇంట్లో వంగలేని పెద్దవాళ్లుంటే వాళ్ల కాళ్లు మీరే చూడండి. అల్లాహ్ అందరికీ షిఫా ప్రసాదించుగాక.