సోయాచిక్కుడులో విత్తన కుళ్ళు: తట్టుకునే రకం వేరు, తప్పించుకున్న రకం వేరు

సోయాచిక్కుడు కోత దశలో ముసురు పడితే గింజలు ముడతలు పడి, పగిలి, సున్నం పూసినట్లు తెల్లబూజు పడుతుంది. ఇది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే విత్తన కుళ్ళు. శిలీంధ్రం ముందే మొక్కలో చేరి, ఏ లక్షణమూ చూపకుండా ఉంటుంది. కాయలు పసుపు రంగుకు తిరిగాక వేడి, తేమ తోడైతే గింజలోకి దిగుతుంది. పైకి శుభ్రంగా కనిపించే గింజలో కూడా తెగులు ఉండవచ్చు.

నిరోధక రకాల రూపకల్పన

జపాన్‌కు చెందిన పి.ఐ. 417479 అనే సోయా రకానికి ఈ కుళ్ళును తట్టుకునే గుణం ఉందని అమెరికా శాస్త్రవేత్తలు 1987లో తెలిపారు. రెండు జన్యువులు కలిసి పనిచేస్తేనే ఆ గుణం వస్తుందని 1993లో వెల్లడించారు. జపాన్‌దే మరో రకం పి.ఐ. 80837లో ఒకే జన్యువు ఈ పని చేస్తుంది. ఇలాంటి వాటిని దిగుబడినిచ్చే రకాలతో సంకరణం చేసి, ఆ సంతతిని తెగులు సోకే పరిస్థితుల్లో పెంచి, ప్రయోగశాలలో గింజలను పరీక్షించి ఎంపిక చేస్తారు. నీటిని త్వరగా పీల్చుకోని గట్టి పొర గల గింజల్లోనూ కుళ్ళు తక్కువే. అయితే అవి ఒకేసారి మొలకెత్తవు.

ఎంపికలో ఒక చిక్కుంది. వానల్లో పండిన స్వల్పకాలిక రకం కుళ్ళుతుంది. వానలు వెలిశాక పండిన రకం బాగుంటుంది. అది తట్టుకోవడం కాదు, తప్పించుకోవడమే. అందుకే శాస్త్రవేత్తలు ఒకేసారి పక్వానికి వచ్చే వాటినే పోల్చి చూస్తారు. పక్క చేనులో గింజ బాగుందని రకం మార్చే ముందు, ఆ పంట ఎప్పుడు కోతకు వచ్చిందో, అప్పుడు వాన పడిందో లేదో అడిగి తెలుసుకోండి.

రైతులు పాటించాల్సినవి

• సోయా తర్వాత సోయా వేయకుండా మొక్కజొన్న లేదా జొన్నతో పంట మార్పిడి చేయాలి. పంట వ్యర్థాలపై శిలీంధ్రం బతికి ఉంటుంది.

• విత్తనానికి కొంత చేను వేరుగా ఉంచి, 95 శాతం కాయలు ముదురు రంగుకు రాగానే ముందుగా కోయాలి. వాన సూచన ఉంటే ఆలస్యం వద్దు.

• నూర్పిడి యంత్రం డ్రమ్ము వేగం నిమిషానికి 350–400 చుట్లు మించకూడదు. పొర పగిలితే మొలక దెబ్బతింటుంది.

• తేమ 10–12 శాతానికి ఆరబెట్టి నిల్వ చేయాలి. బస్తాలను ఎత్తు నుంచి పడేయవద్దు.

• విత్తే ముందు 100 గింజలను తడి గోనెపట్టాలో చుట్టి, పట్టా ఆరిపోకుండా చూసుకోవాలి. వారంలో 70కి పైగా ఆరోగ్యంగా మొలిస్తేనే విత్తనానికి వాడాలి.

• కిలో విత్తనానికి 3 గ్రాముల కార్బాక్సిన్, థైరమ్ మిశ్రమ మందు పట్టించి నీడలో ఆరబెట్టాలి. రైజోబియం జీవన ఎరువును ఆ తర్వాత, విత్తే ముందు కలపాలి.

విత్తనశుద్ధి తేలికగా సోకిన గింజను కాపాడుతుంది. చచ్చిన గింజను మొలిపించదు. కాబట్టి సొంత విత్తనమైనా, కొన్నదైనా మొలక చూడకుండా విత్తవద్దు. మీ ప్రాంతానికి తగిన రకాల కోసం దగ్గరలోని వ్యవసాయ అధికారిని సంప్రదించండి.