నల్లగొండ నీళ్లు, నా నడక



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు పానగల్లు గుళ్ల గురించో, దేవరకొండ కోట గురించో రాద్దామనుకున్నాను. కానీ మొన్నటి సమావేశంలో నేను కర్ర పట్టుకొని మూడు మెట్లు ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో చూసిన మిత్రులు కొందరు ఒకే ప్రశ్న వేశారు. "వెన్నుకు ఆపరేషన్ అయింది గదా, కాళ్లెందుకు బాగుకాలేదు?" అని. దీనికి జవాబు నా కాళ్లతో మొదలు కాదు, మన జిల్లా నీళ్లతో మొదలవుతుంది. అందుకే గుళ్లూ కోటలూ ఈసారికి పక్కన పెట్టి ఈ చరిత్రే రాస్తున్నాను.

ఎద్దులు ముందు చెప్పాయి

మన దేశంలో ఈ జబ్బును మొదట పసిగట్టింది వైద్యులు కాదు, రైతులు. 1930 దశకంలో అప్పటి నెల్లూరు జిల్లాలో కాడి ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేక కూలబడేవి. మనుషులకూ అదే బాధ ఉందని తర్వాత తేలింది. 1937లో డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల రోగులను పరిశీలించి, నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు చెడిపోతున్నాయని వైద్య పత్రికల్లో ప్రకటించారు. ఆ ఊళ్లు తర్వాత ప్రకాశం జిల్లాలో చేరాయి.

నిజాం రాజ్యంలోనూ ఈ జబ్బు ఉందని 1945లో డాక్టర్ దావర్ ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. 1955లో డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. దాని శీర్షికలోనే నల్లగొండ జిల్లా పేరు ఉంది. అదే సంవత్సరం డిసెంబరు 10న మన జిల్లాలోనే నాగార్జునసాగర్‌కు నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. అంటే జబ్బు సంగతి తెలిసిందీ, నీళ్లకు పునాది పడిందీ ఒకే ఏడు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మాగాణి అయింది. మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ మెట్ట ప్రాంతాలకు, డిండి వాగు దాటితే వచ్చే కల్వకుర్తి వైపు పల్లెలకు మాత్రం బావి నీళ్లే గతి అయ్యాయి. కృష్ణమ్మ పక్కనే పారుతున్నా గుట్ట మీది కుండలోకి రాలేదు.

మన నేల కింద గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైడ్ ఖనిజం నీటిలో మెల్లగా కరుగుతుంది. వానలు తక్కువ, నీళ్లలో సున్నపు పాలు తక్కువ, క్షారగుణం ఎక్కువ. ఇట్లాంటి చోట అది ఇంకా ఎక్కువ కరుగుతుంది. పైబావులు ఎండి బోర్లు వేసిన కొద్దీ, రాతిలో ఏళ్ల తరబడి నానిన నీళ్లు పైకొచ్చాయి. చేతిపంపు పెట్టిన రోజు ఊరంతా పసుపు కుంకుమలు చల్లి పండుగ చేసుకున్న పల్లెలు నాకు తెలుసు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని మన ప్రమాణం. వేరే గతి లేని చోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. దానికి ఎన్నో రెట్లున్న నీళ్లను మనం చల్లగా ఉన్నాయని తాగాం.

1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. 1970 దశకం మధ్యలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ మాట వచ్చినా మన ఊరి పేరు వస్తుంది. పద్ధతి మంచిదే. కానీ రోజూ కొలత ప్రకారం పటిక వేయాలి, మడ్డి తీయాలి, దానికి మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా ట్యాంకు ఉత్త ట్యాంకే.

నా బల్ల మీది కాగితం

నేను మర్రిగూడ వైపు పల్లెలో పుట్టాను. ఆ నీళ్లే తాగి పెరిగాను. తర్వాత నీళ్ల వ్యవహారాలు చూసే ఒక కార్యాలయంలో గుమాస్తాగా చేరాను. కార్యాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. తప్పు నాది కూడా కాబట్టి చెబుతున్నాను.

ఒక రోజు ఒక ముసలాయన దరఖాస్తు తెచ్చాడు. వీపు విల్లులా వంగి ఉంది. గోడ గడియారం నా వెనకే, పైన ఉంది. "సారూ, టైమెంతయింది? బస్సు పోతదేమో" అన్నాడు. "గడియారం కనబడుతలేదా, చూస్కో" అని విసుక్కున్నాను. అటెండరు మెల్లగా, "ఆయన తల లేవది సార్" అన్నాడు. మెడ, వెన్ను ఒకే కట్టెగా బిగిసిపోయాయి. ఆయన చూడగలిగింది నేల మాత్రమే.

ఆ దరఖాస్తు మీద నేను, "నిధుల లభ్యతను బట్టి తగు సమయంలో పరిశీలించవచ్చును" అని నోట్ పెట్టాను. రెండు రిమైండర్లు వచ్చాయి. చివరికి ఎల్.డిస్. చేశాం. మనవాళ్లందరికీ తెలుసు, ఎల్.డిస్. అంటే కొంతకాలం ఉంచి చింపేసే కాగితం. ఆయన మళ్లీ రాలేదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. కృష్ణా నీళ్ల కోసం దుశ్చర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి చేసిన పోరాటం అది. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. పోలింగ్ వాయిదా పడింది. నేను పోలింగ్ డ్యూటీలో ఉన్నాను. ఓటరుకు పుస్తకం చేతికిచ్చి మడతపెట్టడం నేర్పలేక మేము అవస్థ పడుతుంటే దేశమంతా నవ్వింది. ఆ ఏడాదే డిపాజిట్టు 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. నవ్విన వాళ్లకు కూడా నల్లగొండ నీళ్ల సంగతి మాత్రం తెలిసింది. ఆ రోజు సాయంత్రం లేవబోతే నా కుడికాలు మొద్దుబారి ఉంది. కూర్చొని కూర్చొని తిమ్మిరి ఎక్కిందనుకున్నాను.

వెన్నులో ఏం జరుగుతుంది

ఫ్లోరైడ్ ఎముకలో పేరుకుంటుంది. ఎముక మందమవుతుంది, దాని అంచులు ముళ్లలా పెరుగుతాయి. వెన్నుపూసలను కట్టి ఉంచే పట్టీలు కూడా ఎముకగా మారుతాయి. వెన్నుపాము పోయే సొరంగం ఇరుకవుతుంది. పాము నలిగితే కాళ్లు కర్రల్లా బిగిసి, అడుగు ఈడ్చుకుపోతుంది. పక్కకు వెళ్లే నరం నలిగితే కండ సన్నబడి పాదం వేలాడుతుంది. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి గారు ఈ నరాల ఇబ్బందులను దశాబ్దాల పాటు పరిశీలించి రాశారు.

నాకు మొదట కీళ్లవాతమన్నారు, తర్వాత సయాటికా అన్నారు. మాత్రలు మింగాను, పసరు కట్టించుకున్నాను. స్కానింగ్ తీయించుకోమని ఒక డాక్టరు చెబితే, అమ్మాయి పెళ్లి కానీ అన్నాను. ఆ తర్వాత రిటైర్‌మెంట్ కానీ అన్నాను. 2008లో రిటైరయ్యాను. 2010లో, గోడ పట్టుకోకుండా స్నానాల గదికి పోలేని స్థితిలో, హైదరాబాద్‌లో ఆపరేషన్ జరిగింది. వెన్నుపూసల వెనక కప్పు తీసి పాముకు చోటు చేస్తారు. దాన్నే లామినెక్టమీ అంటారు.

ఆపరేషన్ తర్వాత సర్జన్ గారు చెప్పిన మాట మీకందరికీ జవాబు. "మేం నొక్కుడు తీశాం. నలిగిపోయిన నరాన్ని కొత్తది చేయలేం" అన్నారు. కాలిలోకి పోయే నరం మళ్లీ పెరిగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. నడుము నుంచి పాదానికి దాదాపు మీటరు. లెక్క మీరే వేసుకోండి. వెన్నుపాములో చచ్చిన దారాలైతే ఆ మాత్రం కూడా పెరగవు. ఫైలు పెండింగ్‌లో ఉంటే తేదీ వేసి మళ్లీ పైకి తీయవచ్చు. నరానికి ఆ వసతి లేదు. నేను వాయిదా వేసిన పదేళ్లూ నా కాళ్లలోంచే పోయాయి.

మిగిలిన దానితో బతకడం

ఇది ఏడుపు కాదు. ఆపరేషన్ నాడు మంచానికి పరిమితం కావలసిన వాణ్ణి, ఈ రోజు సమావేశానికి వస్తున్నాను. నా అనుభవం నలుగురికి పనికొస్తుందని కొన్ని మాటలు.

వ్యాయామం మందు లాంటిది. ఫిజియోథెరపీ ఆయన నేర్పినవి రోజూ రెండు పూటలా చేస్తాను. మొదటి ఏడాది ఎక్కువ బాగయింది, తర్వాత ఉన్నది పోకుండా కాపాడుకోవడమే. వేలాడే పాదానికి ప్లాస్టిక్ పట్టీ వేసుకుంటాను. వేసుకోని రోజు గడపకు తట్టుకుంటాను. వెనక పట్టీ ఉన్న చెప్పులే వాడాలి. స్నానాల గదిలో పట్టుకొనే కడ్డీ, కుర్చీలాంటి మరుగుదొడ్డి, రాత్రి చిన్న దీపం పెట్టించుకోండి. ఖర్చు కొంతే. రాత్రి అరికాళ్ల మంటకు డాక్టరు రాసే నరాల మాత్ర మత్తు ఇస్తుంది. అది వేసుకున్నాక చీకట్లో ఒంటరిగా లేవకండి.

స్పర్శ లేని కాలిని నమ్మకండి. ఒక చలికాలం మంట తగ్గుతుందని వేడినీళ్లలో కాళ్లు పెట్టాను. నాకు గోరువెచ్చగానే అనిపించింది. రాత్రి మా మనవరాలు, "తాతయ్యా, నీ కాలికి బుడగలొచ్చినయి" అని అరిచింది. ఆ పుండ్లు మానడానికి రెండు నెలలు పట్టింది. అప్పటి నుంచి నీళ్లు మోచేత్తో చూస్తాను, పడుకునే ముందు అరికాళ్లు ఇంట్లో వాళ్లతో చూపించుకుంటాను.

మెడ విరిచి, వెన్ను తొక్కి బాగుచేస్తామనే వాళ్ల దగ్గరకు పోకండి. మూత్రం పట్టు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా, కాళ్ల బలం రోజురోజుకూ తగ్గుతున్నా, ఆ రోజే పెద్దాసుపత్రికి పోండి. పెళ్లి ముహూర్తం, పెన్షన్ తారీఖు ఏదీ అడ్డు కాకూడదు.

మర్రిగూడ మండలం శివన్నగూడెం అంశాల స్వామి గారి పేరు మీరందరూ పత్రికల్లో చదివే ఉంటారు. ఎదగని ఒంటితో ఊరూరా తిరిగి నీళ్ల కోసం మాట్లాడి, 2023లో కన్నుమూశారు. అప్పటికి పల్లెలకు నది నీళ్లు వచ్చాయి. మిషన్ భగీరథ 2016లో మొదలైంది. రాష్ట్రంలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు లేవని 2020లో కేంద్రం ప్రకటించింది. సంతోషం. ఇప్పటి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. అయితే మంచినీళ్లు కొత్త జబ్బును ఆపుతాయి గానీ పాత ఎముకను మెత్తబరచలేవు. మన వయసు వాళ్ల వెన్నులో ఆ బావినీళ్లు ఆర్.డిస్. కింద శాశ్వతంగా భద్రపరిచి ఉన్నాయి. అందుకే మన ఏడులో ఎవరికి కాలు మొద్దుబారినా, వయసు మీద పడిందని ఊరుకోకుండా ఒకసారి వెన్ను చూపించుకోవాలి.

ఈ మధ్య నా మెడ కూడా బిగుస్తున్నది. మొన్న మనవరాలిని, "బిడ్డా, టైమెంతయింది?" అని అడిగాను. ఆ పాప విసుక్కోలేదు. గోడకు ఉన్న గడియారం తీసి, నేను కూర్చునే బల్ల మీద పెట్టింది. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు తోచని పని అది.