సామర్లకోట మిరియాల తోట

భారతీయ వృక్షశాస్త్రానికి పితామహుడని పేరుపడిన విలియం రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానం బాధ్యతలు చేపట్టక ముందు సరిగ్గా ఒక పుష్కర కాలం సామర్లకోటలో గడిపాడు. స్కాట్లండులో పుట్టి, ఎడింబరోలో జాన్ హోప్ వద్ద మొక్కల శాస్త్రం నేర్చి, 1776లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైద్య కొలువులో చేరిన ఈయన 1781లో ఇక్కడికి వచ్చి 1793 దాకా ఉన్నాడు. భీమేశ్వరాలయం గురించి ఎంతైనా చెప్పగల ఊరు ఈ పన్నెండేళ్లను దాదాపుగా మరచిపోయింది.

మలబారు మిరియాల సీమ కంపెనీ చేతిలో కాక టిప్పు సుల్తాను ఏలుబడిలో ఉన్న రోజులవి. సామర్లకోటకు ఉత్తరాన ఉన్న కొండల లోయల్లో అడవి మిరియాల తీగ తనంతట తాను పెరగడం గమనించిన రాక్స్‌బర్గ్ దాన్ని తెచ్చి తోట వేయించాడు. 1789 నాటికి అందులో సుమారు 50 ఎకరాల్లో నలభై, యాభై వేల తీగలు ఉండేవి. అయితే ఆ తీగలన్నీ ఒక్క తీరువి కావు. కొన్నిటికి మగ పూలు, కొన్నిటికి ఆడ పూలు మాత్రమే పూసేవి. మరికొన్నిటికి ఒకే కంకిలో ఆడ పూలూ, మగ ఆడ భాగాలు రెండూ ఉన్న ద్విలింగ పుష్పాలూ కలిసి వచ్చేవి. ఆడ తీగల కాయలు పండకుండానే పచ్చిగా రాలిపోయేవి, ఎండబెట్టినా వాటికి ఘాటుండేది కాదు. మిశ్రమ పూల తీగల గింజలు మాత్రం నాలుక మండించేవి. ఆ తీగకు ఆయన పెట్టిన ‘పైపర్ ట్రయోయికం’ అన్న శాస్త్రీయ నామంలోని రెండో మాట ఈ మూడు తీరులనే సూచిస్తుంది. కంపెనీ కోరింది లాభం కాగా, తోట ఇచ్చింది పూల లింగభేదం గురించిన ఒక మంచి పాఠం.

ఇంతలో 1787 ఉప్పెన కోరంగి తీరాన్ని ముంచెత్తి, కంపెనీ బట్టల వర్తక కేంద్రమైన ఇంజరంలో ఆయన పుస్తకాలను, కాగితాలను, ఎండు మొక్కల సేకరణను ఊడ్చుకుపోయింది. తిరిగి మొదలుపెట్టిన పనిలో దేశీయ చిత్రకారుల చేత గీయించిన మొక్కల బొమ్మలు లండనుకు వెళ్లగా, జోసెఫ్ బ్యాంక్స్ వాటిలో ఎంపిక చేసిన 300 బొమ్మలతో కోరమండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా వెలువడింది. ఆయన రచనల్లో మొక్కల తెలుగు పేర్లు విరివిగా కనబడతాయి. జ్వరానికి మందుగా ఆయన పరీక్షించిన సోమి చెట్టుకు తరువాత పెట్టిన ‘సోయ్‌మిడా’ అన్న ప్రజాతి నామం తెలుగు మాట నుంచే వచ్చింది. ప్రజాతి అంటే దగ్గరి పోలికలున్న జాతుల సమూహం. ఆ పేర్లు చెప్పినవారి పేర్లు కూడా రాసిపెట్టి ఉంటే బాగుండేది.

రాజమహేంద్రవరం సర్కారులోని చెరకు సేద్యం గురించి రాక్స్‌బర్గ్ రాసిన వివరణ మరీ విలువైనది. ఏలేరు పారే పెద్దాపురం, పిఠాపురం సీమల్లో రైతులు చెరకు గడలకు వాటి కింది ఆకులనే జాగ్రత్తగా చుట్టి, దుబ్బు మధ్యన ఎనిమిది, పదడుగుల వెదురు కర్ర పాతి, గడలన్నిటినీ దానికి కట్టేవారని, ఒకసారి చెరకు వేసిన నేలలో మళ్లీ వెంటనే చెరకు వేసేవారు కాదని ఆయన నమోదు చేశాడు. గోదావరి రైతులు ‘జడచుట్లు’ అని పిలిచే పని ఈ కోవలోదే. ఈదురుగాలికి తోట పడిపోతే ఎలుకలు, నక్కలు గడలను కొరికేస్తాయని ఎరిగినవారి ఉపాయం అది.

శతాబ్దం గడిచాక అదే చెరకును ఎర్రకుళ్లు తెగులు పట్టింది. గడను నిలువునా చీల్చి చూస్తే లోపలి గుజ్జు ఎర్రబారి, మధ్య మధ్య అడ్డంగా తెల్లటి మచ్చలతో, పులిసిన వాసన వేస్తుంది. దీనికి విరుగుడు వెతకడానికి 1902లో వృక్షశాస్త్రవేత్త బార్బర్ ఆధ్వర్యంలో సామర్లకోటలోనే చెరకు పరిశోధన క్షేత్రం వెలిసింది. 1913లో చెరకు పరిశోధనకు అనకాపల్లిలో మరో కేంద్రం ఏర్పడింది.