వేడినీటి బుగ్గల ఊరు: ఒక జపాను చిత్రం

కవాసే హసుయి అనే జపాను చిత్రకారుడు 1924లో కినొసాకి అనే ఊరి బొమ్మను చెక్క అచ్చులతో వెలువరించినాడు. ఆ ఊరు పశ్చిమ జపానులో, సముద్రానికి సమీపంలో ఉన్నది. అక్కడి వేడినీటి బుగ్గలలో స్నానానికి జనులు శతాబ్దాలుగా వస్తున్నారు. చిత్రంలో రాత్రివేళ, వాన, ఇండ్లలో దీపాలు.

ఇట్టి బొమ్మ ఒక్కరి పని కాదు. చిత్రకారుడు గీసినదానిని చెక్కేవాడు చెర్రీ చెక్కపై చెక్కుతాడు. రంగులను బట్టి వేరువేరు పలకలు కావలె. అచ్చువేసేవాడు పలకకు నీటిరంగు పూసి, కాగితం పరచి, వెదురుపొర కప్పిన బిళ్ళతో వెనుకనుండి రుద్దుతాడు. యంత్రంతో నిమిత్తం లేదు.

కాని పలకలు చెక్కవి గదా! 1923 సెప్టెంబరు 1న టోక్యో ప్రాంతంలో మహాభూకంపం వచ్చి, వెంటనే మంటలు చెలరేగినవి. ప్రచురణకర్త వతనబే షోజబురో దాచిన పలకలు, హసుయి చిత్తుబొమ్మల పుస్తకాలు బూడిద అయినవి. హసుయి మరల ప్రయాణాలు చేసి, కొత్తగా బొమ్మలు గీయవలసి వచ్చినది. కినొసాకి బొమ్మ ఆ మరుసటి ఏటిదే.

ఇక ఊరి సంగతి. 1925 మే 23న, మధ్యాహ్నపు వంటల వేళకు కొంచెం ముందుగా, అక్కడా భూమి కంపించినది. పరిమాణం 6.8. నిప్పు అంటుకొని ఊరు దాదాపు అంతా కాలిపోయినది. ఆ ప్రాంతంలో 400 మందికి పైగా మరణించారు. బొమ్మ అచ్చయి అప్పటికి ఏడాది, ఏడాదిన్నర కన్న ఎక్కువ కాలేదు.

ఇందులో విధివిలాసం కన్న భూగర్భశాస్త్రమే ఎక్కువ అని నా అభిప్రాయం. జపాను క్రిందికి సముద్రపు ఫలకాలు దిగిపోతూ ఉన్నవి. ఆ ఒత్తిడికి పైనున్న శిలలు పగులుతవి. పగుళ్ళ వెంట దిగిన నీరు లోతున వేడెక్కి పైకి వస్తుంది. శిలలు పగులు వెంట హఠాత్తుగా జారితే భూకంపం.

ఊరికి దగ్గరలో గెంబుదో అనే గుహ కలదు. సుమారు 16 లక్షల ఏండ్ల క్రిందటి లావా చల్లారి, అక్కడ పలుపలకల నల్లరాతి స్తంభాలుగా నిలిచినది. భూకంపంలో కూలిన ఆ రాళ్ళను తెచ్చి ఊరి ఏటికి గట్లు కట్టినారు. 1926లో క్యోటో ఆచార్యుడు మత్సుయమ మొతొనొరి అదే గుహరాతిని పరీక్షించగా, అందలి అయస్కాంతదిశ నేటి దిశకు తలక్రిందులుగా కనిపించినది. భూమి అయస్కాంతధ్రువాలు ఒకప్పుడు తారుమారై ఉండేవని ఆయన 1929లో ప్రకటించినాడు. శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మలేదు. 1960 తరువాత రుజువైనది, 25.8 లక్షల నుండి 7.7 లక్షల ఏండ్ల క్రిందటి వరకు నడచిన ఆ కాలానికి మత్సుయమ పేరే పెట్టినారు.