కిరాయి కారులో సామాను: బండి ఆపి వెళ్లేటప్పుడు ఏం చూసుకోవాలి?

నంబర్ ప్లేటు నల్లగా ఉండి అక్షరాలు పసుపు రంగులో ఉంటే అది సెల్ఫ్ డ్రైవ్ కిరాయి కారు. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే డ్రైవరుతో వచ్చే ట్రావెల్స్ బండి. ఈ తేడా ట్రాఫిక్ పోలీసులకే కాదు, పార్కింగ్ స్థలాల్లో తిరిగే దొంగలకూ బాగా తెలుసు. నల్ల ప్లేటు కారు కనిపించిందంటే లోపల ఊరు కాని ఊరు వచ్చిన కుటుంబం సామాను ఉండొచ్చని, వాళ్లు గంటా రెండు గంటల దాకా తిరిగి రాకపోవచ్చని ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఒకప్పుడు కిరాయి కార్ల నంబర్లకు ప్రత్యేకమైన అక్షరాలు ఉండేవి. వాటిని చూసి దుండగులు పర్యాటకులను గుర్తుపడుతున్నారని 1993లో అక్కడ ఆ పద్ధతి తీసేశారు. మన దగ్గర నల్ల ప్లేటు చట్టం ప్రకారం ఉండాల్సిందే. దాన్ని దాచలేం కాబట్టి సామాను విషయంలోనే జాగ్రత్త పడాలి.

చివరి రోజుతోనే చిక్కు

కలబురగిలో ఖ్వాజా బందే నవాజ్ దర్గా జియారత్‌కు హైదరాబాద్ నుంచి సుమారు 220 కిలోమీటర్లు. పొద్దున బయలుదేరి, రాత్రి లాడ్జిలో ఉండి, మరుసటి రోజు తిరిగి రావడం చాలా కుటుంబాలకు అలవాటు. వెళ్లే రోజు పెద్దగా ఇబ్బంది ఉండదు. సామాను నేరుగా గదిలోకి వెళ్తుంది. తిరుగు ప్రయాణం రోజే అసలు సమస్య. మధ్యాహ్నం 12కు గది ఖాళీ చేయాలి. అప్పటికి ఫాతిహా చదవాలి, పిల్లలకు కోట చూపించాలి, బజారులో కొనాల్సినవి కొనాలి. దాంతో సూట్‌కేసులన్నీ కారులో వేసుకుని ఊరంతా తిరుగుతారు. ఇంట్లోంచి తెచ్చిన ప్రతి వస్తువూ నాలుగైదు గంటల పాటు ఆ నాలుగు అద్దాల మధ్యే ఉంటుంది.

దీనికి ఉపాయం రోజును వేరేగా సర్దుకోవడమే. గది ఖాళీ చేశాక కూడా చాలా లాడ్జిలు రిసెప్షన్ దగ్గర సామాను పెట్టుకోనిస్తాయి. అడిగితే టోకెన్ ఇస్తాయి, కొన్ని చోట్ల కొద్దిపాటి డబ్బు తీసుకుంటాయి. తిరగడం అయ్యాక సామాను ఎత్తుకుని నేరుగా రోడ్డెక్కితే సరిపోతుంది. ఆంధ్రా, తెలంగాణ ఊళ్లలో చాలా లాడ్జిలది 24 గంటల చెకవుట్. అక్కడ సాయంత్రం నాలుగింటికి గదిలో దిగితే మరుసటి రోజు నాలుగింటి దాకా గది మనదే. గది తీసుకునేటప్పుడే ఈ ఒక్క మాట అడిగితే సగం బెంగ తీరుతుంది.

డిక్కీ కూడా బీరువా కాదు

సామాను డిక్కీలో పెట్టాం కదా అని ధీమాగా ఉంటారు. డిక్కీ సామానును కనపడకుండా ఉంచుతుందే తప్ప బీరువాలా కాపాడదు. పక్క అద్దాలు టఫెన్డ్ గాజువి, పగిలితే చిన్న చిన్న ముక్కలై రాలిపోతాయి. అద్దం పోయాక చాలా కార్లలో వెనక సీటును ముందుకు వంచితే డిక్కీ లోపలికి చేయి పోతుంది.

పెద్ద కుటుంబాలు ఎక్కువగా తీసుకునే ఏడు సీట్ల బండ్లలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. మూడో వరుసలో మనుషులు కూర్చుంటే దాని వెనక రెండు చిన్న సూట్‌కేసులు పట్టడమే కష్టం. అవి కూడా వెనక అద్దంలోంచి కనపడుతూనే ఉంటాయి. మిగతావి కాళ్ల దగ్గరా, సీట్ల మీదా పెట్టక తప్పదు. కారు అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించకూడదని 2012లో సుప్రీంకోర్టు చెప్పాక కిరాయి కార్ల అద్దాలు చాలావరకు తేటగానే ఉంటున్నాయి. పైన దుప్పటో చాదరో కప్పితే, దాని కింద ఏదో ఉందని మనమే చెప్పినట్టు అవుతుంది. ఏడుగురు వెళ్తుంటే ఏడుగురికి ఏడు బ్యాగులు కాకుండా మూడు బ్యాగుల్లో సర్దుకోవడమే మేలు. ఇంటి ఆడవాళ్లు ఈ మాట ఒప్పుకోవడం కష్టమేనని తెలిసిందే. మగవాళ్లు షేర్వానీ ఇస్త్రీ నలగకుండా విడిగా వేలాడదీయడం మానేస్తే వాళ్లూ ఒప్పుకోవచ్చు.

ఇంకో పొరపాటు చాలామంది చేసేదే. దర్గా ముందో మాల్ ముందో కారు ఆపాక, అందరూ చూస్తుండగా డిక్కీ తెరిచి హ్యాండ్‌బ్యాగులు, ల్యాప్‌టాప్ అందులో పెట్టి తాళం వేసి వెళ్తారు. ఏది ఎక్కడుందో చూసేవాళ్లకు చూపించినట్టే. డిక్కీలో పెట్టాల్సినవి లాడ్జి దగ్గరో, ముందు ఆగిన పెట్రోల్ బంకులోనో సర్దేసుకోవాలి. బండి ఆపిన చోట డిక్కీ ముట్టుకోకూడదు. ఫోన్ చార్జర్ తీగ, చిల్లర డబ్బులు, ఖాళీ బ్యాగు కూడా సీటు మీద ఉండొద్దు. ఖాళీ బ్యాగు ఖాళీదని అద్దం పగలగొట్టాకే తెలుస్తుంది.

రిమోట్ నొక్కి వెనక్కి చూడకుండా నడిచి వెళ్లడం మంచిది కాదు. ఒక డోరు సరిగా పడకపోయినా, రిమోట్ పని చేయకపోయినా కారు తెరిచే ఉంటుంది. ఒక్కసారి హ్యాండిల్ లాగి చూడాలి. అల్లాహ్ మీద తవక్కుల్ వేరు, తాళం పడిందో లేదో చూసుకోకపోవడం వేరు.

మనిషితోపాటే వెళ్లాల్సినవి

కొత్త బట్టలు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. కొన్ని వస్తువులు అలా కావు. పాస్‌పోర్టులు, నిఖా కోసం తీసుకెళ్తున్న జేవర్, నగదు, ఇన్సులిన్ లాంటి మందులు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఇంటి తాళాలు డిక్కీలో ఉండకూడదు. వీటన్నిటికీ ఒకే ఒక చిన్న బ్యాగు, దానికి ఒకే ఒక మనిషి బాధ్యత. "అబ్బా దగ్గర ఉందనుకున్నా," "అమ్మీ తీసుకుందనుకున్నా" అనే మాటలు పోలీస్ స్టేషన్‌లో వినపడేవే. ఆ మనిషి వుజూకు కూర్చుంటే బ్యాగు ఇంకొకరి చేతికి నోటితో చెప్పి ఇవ్వాలి. వుజూఖానా గోడ మీద కారు తాళం, గడియారం పెట్టి మరిచిపోవడం కూడా మామూలే.

ఉమ్రాకు వెళ్లే కుటుంబాలు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. కర్నూలు, నిజామాబాద్, కరీంనగర్ వైపుల నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు కిరాయి కారులో వస్తూ, దారిలో నగరంలోని చుట్టాల ఇంటి దగ్గరో, భోజనానికి హోటల్ దగ్గరో ఆగుతారు. పాస్‌పోర్టులు, రియాళ్లు, ఇహ్రాం అన్నీ కారులోనే. ఉమ్రా వీసా పాస్‌పోర్టు నంబరుతో ముడిపడి ఉంటుంది. పాస్‌పోర్టు పోతే కొత్తది వచ్చినా పాత వీసా పనికిరాదు, మళ్లీ తీసుకోవాలి. ఒక్క భోజనం కోసం ఆగినా పాస్‌పోర్టుల బ్యాగు భుజానికే ఉండాలి.

మందుల సంగతి దొంగల వల్ల మాత్రమే కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో ఆపిన కారు లోపల గంటలోనే బయటికంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కవచ్చు. ఇన్సులిన్ పాడవుతుంది, పవర్ బ్యాంకు ప్రమాదం. సామానుకు కాపలాగా పిల్లలను మూసిన కారులో కూర్చోబెట్టి వెళ్లడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

జుమా, ఉర్స్, రొట్టెల పండుగ

జుమా వేళ మసీదు ముందు ఆగిన కార్ల యజమానులు అరగంట దాకా బయటికి రారని అందరికీ తెలుసు. ప్రయాణంలో ఉన్న కుటుంబం హైవే పక్క మసీదు దగ్గర ఆగితే, వీలైనంత వరకు గేటు లోపల లేదా జనం నడిచే వైపు బండి పెట్టుకోవాలి. ప్రహరీ వెనక నీడ చల్లగానే ఉంటుంది, కానీ అక్కడ ఎవరూ చూడరు. జమాత్ అయ్యాక ఇద్దరు ముందు వచ్చి బండి దగ్గర నిలబడితే మిగతావాళ్లు నింపాదిగా సున్నత్‌లు చదువుకోవచ్చు.

నెల్లూరులో ముహర్రంలో జరిగే రొట్టెల పండుగది మరో రకం ఇబ్బంది. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్లలోకి దిగి రొట్టెలు మార్చుకోవాలి. తడుస్తాయని ఫోన్లు, పర్సులు అన్నీ కారులో వదిలి వెళ్తారు. తాళం జేబులో పెట్టుకుని నీళ్లలోకి దిగితే రిమోట్ తడిసి పనిచేయకపోవచ్చు. ఇలాంటి చోట సగం మంది ఒడ్డున సామానుతో ఉండి, సగం మంది నీళ్లలోకి దిగడమే దారి. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

రద్దీలో కారు ఖాళీగా లేకపోయినా దొంగతనం జరుగుతుంది. దృష్టి మళ్లించే ముఠాల పద్ధతులు పాతవే. "అన్నా, టైరులో గాలి పోయింది," "ఇంజిన్ కింద ఆయిల్ కారుతోంది," "మీ పది రూపాయల నోట్లు కింద పడ్డాయి" అంటారు. డ్రైవింగ్ సీట్లోని మనిషి దిగి చూసేలోపు రెండో వైపు డోరు తెరిచి బ్యాగు ఎత్తుకుపోతారు. ఎవరైనా అలా చెబితే దిగే ముందు తాళం చేతిలోకి తీసుకుని అన్ని డోర్లూ లాక్ చేయాలి. లేదా అక్కడ ఆగకుండా ముందున్న బంకు దాకా మెల్లగా నడిపించి అక్కడ చూసుకోవాలి.

డ్రైవరు ఉన్న బండి తీసుకున్నవాళ్లు డ్రైవరు అక్కడే ఉంటాడని అనుకుంటారు. ఆయనకూ చాయ్ తాగాలని, నమాజుకో భోజనానికో వెళ్లాలని ఉంటుంది. "భాయ్, బండి వదిలి వెళ్లేటప్పుడు ఒక ఫోన్ కొట్టండి" అని ముందే మర్యాదగా చెప్పుకోవాలి. సామాను ఎన్ని నగలో ఆయన ముందే లెక్కపెడితే తర్వాత ఆయన మీద అనవసరంగా అనుమానం రాదు.

'పార్కింగ్ ఎట్ ఓనర్స్ రిస్క్'

పెయిడ్ పార్కింగ్‌లో ఈ బోర్డు తప్పకుండా కనిపిస్తుంది. హోటల్ సిబ్బందికి తాళం అప్పగించాక కారు పోతే, ఈ మాట రాసుకున్నంత మాత్రాన హోటల్ బాధ్యత తప్పిపోదని 2019 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కారు గురించి, లోపలి సూట్‌కేసు గురించి కాదు. కారు ఇన్సూరెన్స్ కూడా మామూలుగా బండికే వర్తిస్తుంది. లోపలి వ్యక్తిగత సామానుకు విడిగా యాడ్-ఆన్ ఉండాలి. కిరాయి కంపెనీల షరతుల్లో సామానుకు మా బాధ్యత లేదని సాధారణంగా రాసే ఉంటుంది. ప్రయాణ బీమా తీసుకున్నవాళ్లు, కారులో వదిలిన సామానుకు అది వర్తిస్తుందో లేదో పాలసీలో చదువుకోవాలి. బయలుదేరే ముందు తెరిచిన సూట్‌కేసులకు ఫోన్‌లో ఒక్కో ఫొటో తీసి పెట్టుకుంటే క్లెయిమ్‌కూ, పోలీసులకూ పనికొస్తుంది.

కారు అప్పగించేటప్పుడు కూడా సామాను పోతుంది, దొంగ లేకుండానే. కొన్ని కంపెనీల కార్లు ఫోన్ యాప్‌తో తెరుచుకుంటాయి. యాప్‌లో ట్రిప్ ముగించాక మళ్లీ తెరవడానికి కుదరదు. సీట్ల కింద, డోరు జేబుల్లో, స్టెప్నీ పక్కన చూశాకే ఆ బటన్ నొక్కాలి.

అద్దం పగిలి కనిపిస్తే

ముందు ఏదీ ముట్టుకోకుండా కారును నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, 112కు ఫోన్ చేయాలి. తర్వాత బ్యాంకు కార్డులు, సిమ్ బ్లాక్ చేయించాలి. ఆ వెంటనే కిరాయి కంపెనీకి చెప్పాలి. చెప్పకుండా సొంతంగా అద్దం వేయిస్తే, ఇన్సూరెన్స్ కింద రావాల్సింది రాక మొత్తం ఖర్చు మీద పడొచ్చు.

"ఇది మా స్టేషన్ పరిధి కాదు" అంటే వెనక్కి రావాల్సిన పని లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు. ప్రయాణికుల రవాణాకు వాడే వాహనంలోంచి సామాను దొంగిలిస్తే భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. ఫిర్యాదులో "బ్యాగు పోయింది" అని రాసి ఊరుకోకుండా, అందులోని ప్రతి వస్తువూ, కారు నంబరు, అది కిరాయి కారన్న విషయం, ఆపిన సమయం, తిరిగొచ్చిన సమయం రాయాలి. చుట్టుపక్కల దుకాణాల కెమెరాల్లో రికార్డింగు కొన్నాళ్లకే చెరిగిపోతుంది. అందుకని ఏయే దుకాణాలకు కెమెరాలున్నాయో అప్పుడే చూసి ఫిర్యాదులో చేర్చాలి.

ఫోన్ పోతే ఎఫ్‌ఐఆర్ కాపీతో సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరును బ్లాక్ చేయవచ్చు. పాస్‌పోర్టుకు కూడా ఈ పోలీసు కాగితమే ఆధారం. పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో రీ-ఇష్యూకు దరఖాస్తు చేసి, వీసా తీసిన ఏజెంటుకు అదే రోజు చెబితే టికెట్ల తేదీ మార్చుకునే వీలు ఉంటుంది.